కప్పుల లెక్కలో దొరకని స్వర్ణ తరం: 2000లో పోయిన నమ్మకాన్ని టీమిండియా ఎలా తిరిగి సంపాదించుకుంది?

"మామూ, సచిన్, ద్రవిడ్, గంగూలీ, లక్ష్మణ్, కుంబ్లే అందరూ ఒకే టైమ్‌లో ఉన్నారు కదా. మరి 2003 వరల్డ్ కప్ ఎందుకు ఓడిపోయారు? వాళ్లను గోల్డెన్ జనరేషన్ అని ఎందుకంటారు?" ఆరో తరగతి చదివే మా అక్క కొడుకు ఈమధ్య అడిగిన ప్రశ్న ఇది. వాడికి క్రికెట్ అంటే ఐపీఎల్. ఎవరు గొప్ప అంటే ఎవరి దగ్గర ఎన్ని కప్పులున్నాయని చూస్తాడు. వాడి లెక్కలో తప్పు లేదు గానీ, ఆ లెక్కలో ఈ టీమ్ కథ దొరకదు.

బీకాంలో గుడ్‌విల్ అని ఒక పాఠం ఉంటుంది. దుకాణంలో సరుకు లెక్కపెట్టొచ్చు, గల్లాపెట్టెలో డబ్బు లెక్కపెట్టొచ్చు. గిరాకీకి ఆ దుకాణం మీదున్న నమ్మకాన్ని మాత్రం లెక్కపెట్టలేం. అయినా దుకాణం అమ్మేటప్పుడు దానికీ ఒక ధర కడతారు. 2000వ సంవత్సరంలో భారత క్రికెట్ పోగొట్టుకున్నది సరిగ్గా అదే. దాన్ని తిరిగి తెచ్చినవాళ్లనే స్వర్ణ తరం అంటున్నాం.

2000లో ఏం జరిగింది?

2000 ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికా కెప్టెన్ హన్సీ క్రోన్యే బుకీతో మాట్లాడిన మాటలను ఢిల్లీ పోలీసులు బయటపెట్టారు. మొదట కాదన్న క్రోన్యే, కొద్ది రోజులకే బుకీ దగ్గర డబ్బు తీసుకున్నట్టు ఒప్పుకున్నాడు. విచారణ మన ఆటగాళ్ల దాకా వచ్చింది. ఆ డిసెంబర్‌లో బీసీసీఐ హైదరాబాద్ బిడ్డ మహమ్మద్ అజహరుద్దీన్ మీద జీవితకాల నిషేధం వేసింది. ఆడిన మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు కొట్టిన మనిషి 99 టెస్టుల దగ్గర ఆగిపోయాడు. ఆ 99వ టెస్టులో కూడా బెంగళూరులో 102 పరుగులు చేశాడు. తర్వాత 2012 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదని చెప్పింది. అప్పటికి ఆయన వయసు 49 దాటింది. తీర్పు వచ్చింది గానీ నూరో టెస్టు రాలేదు.

మా ఇంట్లో బీరువా తలుపు లోపలి వైపు అజహర్ ఫోటో ఒకటి అంటించి ఉండేది. అబ్బా దాన్ని చింపలేదు, దాని గురించి మాట్లాడనూ లేదు. నాకప్పుడు మూడేళ్లు, ఇదంతా అమ్మీ చెప్పిందే. ఆ ఏడాది ఎవరైనా క్యాచ్ వదిలేస్తే "వదిలేశాడా, వదిలేయమన్నారా" అని మా గల్లీలో మాట వినిపించేదట. ఓడినందుకు బాధపడే అభిమాని మళ్లీ వస్తాడు. అనుమానపడ్డ అభిమాని టీవీ కట్టేసి లేచిపోతాడు.

మనుషులు పాతవాళ్లే, మారింది ఏమిటి?

ఈ తరం 2000లో ఆకాశం నుంచి ఊడిపడలేదు. సచిన్ 1989లో, కుంబ్లే 1990లో వచ్చారు. గంగూలీ, ద్రవిడ్ ఇద్దరూ 1996 జూన్‌లో లార్డ్స్‌లో ఒకే టెస్టుతో మొదలుపెట్టారు. అదే ఏడాది నవంబర్‌లో లక్ష్మణ్ వచ్చాడు. ఇంతమంది ఉన్నా 1990ల పదేళ్లలో మనం విదేశాల్లో గెలిచిన టెస్టు ఒకే ఒక్కటి. అది 1993లో కొలంబోలో.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. టెస్టు గెలవాలంటే ఎదుటివాళ్ల 20 వికెట్లు తీయాలి. మన దగ్గర తిరిగే పిచ్‌ల మీద స్పిన్నర్లు ఆ పని చేసేవారు. బయటికి వెళ్తే శ్రీనాథ్ ఒక్కడి మీదే భారమంతా పడేది. స్కోర్ బోర్డు మీద పరుగులు తక్కువైతే ఉన్న బౌలర్లకు కూడా ధైర్యంగా ఫీల్డర్లను పెట్టుకునే వీలుండదు.

2000లో మూడు మార్పులు వచ్చాయి. గంగూలీ కెప్టెన్ అయ్యాడు. న్యూజిలాండ్‌కు చెందిన జాన్ రైట్ కోచ్‌గా వచ్చాడు. భారత జట్టుకు విదేశీ కోచ్ రావడం అదే మొదటిసారి. బెంగళూరులో నేషనల్ క్రికెట్ అకాడమీ మొదలైంది. కుర్రాళ్లకు తలుపు తెరిచారు. మహారాష్ట్రలోని శ్రీరాంపూర్ నుంచి జహీర్ ఖాన్, చండీగఢ్ నుంచి యువరాజ్, అలహాబాద్ నుంచి మహమ్మద్ కైఫ్, వడోదరాలో మసీదులో మౌజన్‌గా పనిచేసిన తండ్రి కొడుకు ఇర్ఫాన్ పఠాన్. క్రికెట్ అంటే ముంబై, బెంగళూరు లాంటి పెద్ద ఊళ్లవాళ్ల ఆట అన్న మాట మెల్లగా పాతబడింది.

ఈడెన్‌లో ఒక రోజంతా

2001 ఫిబ్రవరిలో స్టీవ్ వా ఆస్ట్రేలియా మన దేశానికి వచ్చింది. ముంబైలో మూడు రోజుల్లో మనల్ని 10 వికెట్ల తేడాతో ఓడించింది. అది వాళ్లకు వరుసగా 16వ టెస్టు గెలుపు. తర్వాత కోల్‌కతా. అక్కడ హర్భజన్ సింగ్ హ్యాట్రిక్ తీశాడు, టెస్టుల్లో భారతీయుడికి అదే మొదటిది. అయినా ఆస్ట్రేలియా 445 చేసింది, మనం 171కే కుప్పకూలాం. ఫాలో ఆన్. అంటే ఎదుటి జట్టు ఆడకుండానే మనం రెండోసారి బ్యాటింగ్‌కు దిగాలి. సగం ఓడిపోయినట్టే లెక్క.

మొదటి ఇన్నింగ్స్‌లో 59 చేసిన లక్ష్మణ్‌ను రెండో ఇన్నింగ్స్‌లో మూడో నంబర్‌లో పంపారు. నాలుగో రోజు ఉదయం నుంచి సాయంత్రం దాకా లక్ష్మణ్, ద్రవిడ్ ఇద్దరే ఆడారు. ఒక్క వికెట్ పడలేదు. ఇద్దరూ కలిసి 376 పరుగులు జోడించారు. లక్ష్మణ్ 281, ద్రవిడ్ 180. గావస్కర్ 236 రికార్డు చెరిగిపోయింది. ఐదో రోజు హర్భజన్ ఆరు వికెట్లు తీశాడు, సచిన్ మూడు తీశాడు, మనం 171 పరుగులతో గెలిచాం. ఫాలో ఆన్ ఆడి టెస్టు గెలవడం అప్పటికి చరిత్రలో మూడోసారి మాత్రమే. తర్వాత చెన్నైలో 2 వికెట్ల తేడాతో గెలిచి సిరీస్ కూడా తీసుకున్నాం. మూడు టెస్టుల్లో హర్భజన్‌కు 32 వికెట్లు.

హైదరాబాద్‌కు ఇందులో ఇంకో సంగతి ఉంది. లెగ్ స్పిన్ బంతిని ముందుకొచ్చి మణికట్టు తిప్పి మిడ్ వికెట్ వైపు పంపడం మనం అజహర్ దగ్గర చూసిన విద్య. నిషేధం పడి నాలుగు నెలలు కాలేదు. అదే ఊరి ఇంకో కుర్రాడు అదే మణికట్టుతో షేన్ వార్న్‌ను ఆడుకున్నాడు. అబ్బా ఆ రోజు దుకాణం తొందరగా మూసి ఇంటికొచ్చి టీవీ పెట్టాడట. చాలా నెలల తర్వాత.

లార్డ్స్, కరాచీ, లాహోర్

2002 జూలై 13, నాట్‌వెస్ట్ ఫైనల్. ఇంగ్లండ్ 325. మనం 146కి 5 వికెట్లు. సచిన్ అవుటయ్యాక టీవీలు కట్టేసినవాళ్లు చాలామంది, ఈ మాట ఇప్పటికీ నవ్వుతూ ఒప్పుకుంటారు. యువరాజ్ 69, కైఫ్ అవుట్ కాకుండా 87. ఇద్దరూ 121 పరుగులు జోడించారు. చివరికి మూడు బంతులు మిగిలి ఉండగా కైఫ్, జహీర్ పరుగు తీసి ముగించారు. గంగూలీ బాల్కనీలో చొక్కా తిప్పిన ఫోటో అందరికీ గుర్తే. కానీ ఆ రోజు అసలు పాఠం వేరే. సచిన్ పోతే మ్యాచ్ పోయినట్టే అన్న 1990ల అలవాటును ఇద్దరు ఇరవై ఏళ్ల కుర్రాళ్లు చెరిపేశారు.

2003 డిసెంబర్‌లో అడిలైడ్. ఆస్ట్రేలియా 556 చేసిన మ్యాచ్. మళ్లీ ద్రవిడ్ 233, లక్ష్మణ్ 148, మళ్లీ 303 పరుగుల జోడీ. అగార్కర్ 6 వికెట్లు. ఆస్ట్రేలియా గడ్డ మీద 22 ఏళ్ల తర్వాత టెస్టు గెలిచాం.

తర్వాత 2004 పాకిస్తాన్ టూర్. ఈ మ్యాచ్‌ల రోజుల్లో మన ఇళ్లలో పెద్దవాళ్లకు రెండు టెన్షన్లు ఉండేవి. ఒకటి స్కోరు. రెండోది, మర్నాడు ఆఫీసులోనో, స్కూల్లోనో ఎవరైనా "నిన్న మీవాళ్లు ఎవరు?" అని నవ్వుతూ అడుగుతారేమో అని. అలా అడిగించుకున్నవాళ్లకు ఆ నవ్వు ఎంత గుచ్చుతుందో తెలుసు. 2004లో ఆ ప్రశ్నకు ఆటే జవాబు చెప్పింది. కరాచీ మొదటి వన్డేలో పరుగెత్తుకుంటూ వచ్చి షోయబ్ మాలిక్ క్యాచ్ పట్టింది కైఫ్. మనం 5 పరుగులతో గెలిచాం, కరాచీ జనం లేచి నిలబడి మనవాళ్లకు చప్పట్లు కొట్టారు. లాహోర్‌లో సిరీస్ తేల్చే వన్డేలో లక్ష్మణ్ 107 చేశాడు, ఇర్ఫాన్ 3 వికెట్లు తీశాడు. ముల్తాన్ టెస్టులో సెహ్వాగ్ 309, భారతీయుడి మొదటి ట్రిపుల్ సెంచరీ. రావల్పిండిలో ద్రవిడ్ 270. పాకిస్తాన్‌లో మనం టెస్టు సిరీస్ గెలవడం అదే మొదటిసారి. జహీర్, కైఫ్, ఇర్ఫాన్ ఆ టీమ్‌లో ఎవరికీ ఏదీ రుజువు చేయడానికి లేరు. బాగా ఆడతారు కాబట్టి ఉన్నారు. మా పెద్దవాళ్లకు కావలసింది కూడా అంతే.

రెండో వైపు ఖాతా

జమ రాసినవాడు ఖర్చు కూడా రాయాలి. 2003 వరల్డ్ కప్ ఫైనల్లో ఆస్ట్రేలియా చేతిలో 125 పరుగులతో ఓడాం. 2007 వరల్డ్ కప్‌లో మొదటి రౌండ్ కూడా దాటలేదు. ఆస్ట్రేలియాలో, దక్షిణాఫ్రికాలో ఈ తరం టెస్టు సిరీస్ గెలవలేదు. 134 టెస్టులు ఆడిన లక్ష్మణ్ ఒక్క వరల్డ్ కప్ మ్యాచ్ కూడా ఆడలేదు, 2003లో ఆయన్ను జట్టులోకే తీసుకోలేదు. కైఫ్ చివరి వన్డే 2006లో, 26 నిండకముందే. 2007 టీ20 వరల్డ్ కప్ ఫైనల్లో 16 పరుగులకు 3 వికెట్లు తీసి మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ అయిన ఇర్ఫాన్, 23 ఏళ్లకే చివరి టెస్టు ఆడేశాడు. 2011, 2012లో ఇంగ్లండ్‌లో 4-0, ఆస్ట్రేలియాలో 4-0 ఓటములు. ఆ ఇంగ్లండ్ టూర్‌లో 38 ఏళ్ల ద్రవిడ్ ఒక్కడే మూడు సెంచరీలు కొట్టాడు.

కానీ ఖర్చు రాసిన ప్రతి చోటా ఒక మనిషి మళ్లీ లేచి నిలబడ్డాడు. 2002లో ఆంటిగ్వాలో దవడ విరిగిన కుంబ్లే తలకు కట్టు కట్టుకుని 14 ఓవర్లు వేసి లారాను అవుట్ చేశాడు. 2010లో మొహాలీలో నడుం పట్టేసిన లక్ష్మణ్ 73 నాటౌట్‌తో ఒక్క వికెట్ తేడాతో ఆస్ట్రేలియాను ఓడించాడు.

అందరికంటే జహీర్ కథ చెప్పాలి. 2003 ఫైనల్లో ఆయన మొదటి ఓవర్‌లోనే 15 పరుగులు పోయాయి. ఆ ఓవర్‌తోనే మ్యాచ్ పోయిందని ఏళ్ల తరబడి అన్నారు. ఎనిమిదేళ్ల తర్వాత, 2011 ఏప్రిల్ 2న వాంఖడేలో మళ్లీ ఫైనల్, మళ్లీ కొత్త బంతి ఆయన చేతిలోనే. వరుసగా మూడు మెయిడిన్ ఓవర్లు. ఇది నేను కళ్లారా చూశాను, నాకప్పుడు 14 ఏళ్లు. మూడో మెయిడిన్ అయ్యాక అబ్బా ఏమీ అనలేదు, చాయ్ గ్లాసు కింద పెట్టి ముందుకు జరిగి కూర్చున్నాడు. ఆ టోర్నీలో జహీర్‌కు 21 వికెట్లు. కప్పు ధోనీ టీమ్ గెలిచింది, నిజమే. కానీ ఆ టీమ్‌లో సచిన్, సెహ్వాగ్, యువరాజ్, హర్భజన్, జహీర్ ఉన్నారు. 2009 డిసెంబర్‌లో టెస్టుల్లో నంబర్ వన్ అయినప్పుడూ అంతే.

వాళ్లు వదిలి వెళ్లింది

2008లో కుంబ్లే 619 వికెట్లతో, అదే ఏడాది గంగూలీ, 2012లో ద్రవిడ్, లక్ష్మణ్, 2013లో సచిన్ ఆట ఆపేశారు. కానీ పని ఆపలేదు. ద్రవిడ్ అండర్-19, ఇండియా-ఎ కుర్రాళ్లకు కోచ్ అయ్యాడు. మన హైదరాబాద్ ఆటో డ్రైవర్ కొడుకు మహమ్మద్ సిరాజ్ ఇండియా-ఎలో ఆయన దగ్గరే రాటుదేలాడు. 2020 నవంబర్‌లో తండ్రి చనిపోయినప్పుడు సిరాజ్ ఆస్ట్రేలియాలో ఉన్నాడు, అక్కడే ఉండి ఆడాడు. 2021 జనవరిలో బ్రిస్బేన్‌లో 5 వికెట్లు తీశాడు. అజహర్ నుంచి లక్ష్మణ్‌కు, అక్కడి నుంచి సిరాజ్ దాకా ఒకే ఊరు.

మా అక్క కొడుక్కి చివరికి ఇలా చెప్పాను. కప్పులు షెల్ఫ్‌లో ఉంటాయి బేటా, లెక్కపెట్టుకోవచ్చు. కానీ క్యాచ్ జారితే "పాపం, జారింది" అనుకుని మళ్లీ మ్యాచ్ చూస్తున్నావే, అనుమానం రావట్లేదే, అది వాళ్లు నీకిచ్చిందే. వాడు కాసేపు ఆలోచించి, "లక్ష్మణ్ 281 వీడియో ఉందా మామూ?" అన్నాడు. ఫోన్ తీసి పెట్టాను. వెనక కుర్చీలో అబ్బా కూడా కళ్లజోడు పెట్టుకున్నాడు.