వేటకుక్కల పోషణము

చేను కాచు రైతునకు అడవిపంది బాధ క్రొత్తది కాదు. పూర్వము పల్లెలలో దీనికై కుక్కలను పెంచి, వేటకు గొనిపోవు వాడుక యుండెను. 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి పందినైనను కుందేటినైనను కుక్కలచే పట్టించుట నేరము. అందును మృగవని జాతీయోద్యానము మన చిలుకూరు చెంతనే యున్నది. కావున జన్వాడ పొలములలో నేడు వేటకుక్క చేయవలసిన పని కావలియే. పని మారినను పోషణ ధర్మము మారలేదు.

ఆహారము: జొన్నసంకటి, మజ్జిగ మాత్రమే పెట్టినచో కుక్క కండపట్టదు. గ్రుడ్డు గాని, ఉడికించిన మాంసము గాని చేర్చవలెను. ఉడికిన యెముకలు చీలి ప్రేగులను గ్రుచ్చును. ఉల్లిపాయ రక్తమును చెరచును. ఈ రెండును పెట్టరాదు. కడుపునిండ తిన్న వెంటనే పరుగెత్తింపరాదు.

నీరు, నీడ: కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుట చేతనే వేడిని పోగొట్టుకొనును. వేసవిలో ఎండలో కట్టివేసిన కుక్క గడియలో ప్రాణము విడువవచ్చును. చేని గట్టున చెట్టునీడయు, తొట్టెలో చల్లని నీరును ఉంచవలెను.

దినచర్య: ఉదయము కావలి నుండి రాగానే చెవులను, వ్రేళ్ల సందులను చూచి పిడుదులను, ముండ్లను తీయవలెను. పిడుదుల వలన ప్రాణాంతకమగు జ్వరము వచ్చును. పంది కోర గాయము పైకి చిన్నదిగా కనబడినను లోపల లోతుగా నుండును. పసుపు అద్ది ఊరకుండక, శుభ్రమైన నీటితో కడిగి పశువైద్యునికి చూపవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది పిచ్చివ్యాధి టీకా. “మా కుక్క యెవ్వరినీ కరవదు, దానికి సూది యెందుకు?” అని పలువురు నన్ను అడుగుదురు. అది కరచునని కాదు, దానిని కరచునవి కలవని సూది వేయించవలెను. ముంగిస, నక్క, ఊరకుక్క వీనితో రాత్రులు తలపడునది కావలికుక్కయే. తెల్లవారి మన బిడ్డలతో ఆడుకొనునదియు అదియే. పిల్లకు మూడవ నెలలో మొదటి టీకా వేయించి, తరువాత వైద్యుడు చెప్పిన గడువు తప్పక మరల వేయించవలెను.

1885లో పాశ్చరు పండితుడు ఈ వ్యాధికి టీకా నుపయోగించి ఒక బాలుని కాపాడెను. అయినను వ్యాధి లక్షణములు పొడసూపిన పిమ్మట బ్రదుకుట నేటికిని మిక్కిలి అరుదు. కుక్క కరచినచో గాయమును సబ్బుతో, ధారగా పడు నీట పదునైదు నిమిషములు కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. మంత్రము, పసరు నమ్మి కాలము పుచ్చరాదు.

రాత్రియెల్ల మన చేను కాచిన మూగజీవమును పగలు కాచుట మన వంతు.