దేవుడు లేని శాపం: సైన్స్ ఫిక్షన్‌లో కసాండ్రా

గ్రీకు పురాణాలలోని ప్రవక్తలందరిలోనూ కసాండ్రాది విచిత్రమైన స్థితి. ఆమె చెప్పిన జోస్యం తప్పింది లేదు, ఆమె మాట చెల్లింది లేదు. ట్రాయ్ రాజు ప్రియామ్‌కు, రాణి హెకుబాకు కూతురైన ఈమెను జోస్యానికీ సంగీతానికీ అధిదేవతయైన అపోలో మోహించి, భవిష్యత్తును చూడగల శక్తిని వరంగా ఇచ్చాడనీ, ఆమె అతనికిచ్చిన మాట తప్పి కాదనడంతో, ఇచ్చిన వరాన్ని వెనక్కి తీసుకోలేక, ఆమె చెప్పేదాన్ని ఎవరూ నమ్మకుండా శపించాడనీ ఎక్కువ ప్రచారంలో ఉన్న కథ చెబుతుంది. మన జనశ్రుతిలో సహదేవుడికి జరగబోయేదంతా తెలిసినా శాపం వల్ల నోరు విప్పలేడు. కసాండ్రాకు చెప్పడానికి ఏ అడ్డూ లేదు, చెప్పినది వినేవారి మనసుకు ఎక్కదు, అంతే.

ఈ కథ మొదటి నుంచీ ఇలా లేదు. హోమర్ ‘ఇలియడ్’లో కసాండ్రా జోస్యం ప్రసక్తే రాదు, ప్రియామ్ కూతుళ్ళలో అందగత్తెగా ఒకచోట, అన్న హెక్టర్ శవాన్ని తండ్రి తీసుకొస్తుండగా ఊరందరికన్నా ముందు చూసి కేక వేసిన చెల్లెలుగా మరొకచోట మాత్రమే ఆమె కనిపిస్తుంది. ఆమె ప్రవక్త రూపాన్ని లోకం మరచిపోకుండా చేసిన రచనలలో ముఖ్యమైనది క్రీ.పూ. 458లో ఏథెన్స్‌లో ప్రదర్శితమైన ఈస్కిలస్ నాటకం ‘అగమెమ్నాన్’. ట్రాయ్ కూలిన తరువాత గ్రీకు సేనాధిపతి అగమెమ్నాన్ ఆమెను బందీగా తన ఊరికి తీసుకువస్తాడు. రాజభవనం గుమ్మం ముందు నిలబడి ఆమె, ఆ ఇంట్లో ఒకప్పుడు జరిగిన పసిపిల్లల హత్యను కళ్ళారా చూస్తున్నట్టు చెబుతుంది. గ్రీకు నాటకంలో పాటలు పాడుతూ ఊరి గొంతుగా నిలిచే బృందాన్ని కోరస్ అంటారు. ఇక్కడ ఆ కోరస్ అయిన ఊరి వృద్ధులు, సముద్రానికి ఆవల పెరిగిన స్త్రీకి తమ ఊరి సంగతులు ఎలా తెలిశాయని ఆశ్చర్యపోయి, ఆమె మాటలు నమ్మదగినవిగానే ఉన్నాయని ఒప్పుకుంటారు కూడా. అయినా అగమెమ్నాన్ చావబోతున్నాడని ఆమె పేరు పెట్టి చెప్పిన తరువాత సైతం, ఆ పని చేయబోయే మగవాడు ఎవరని అడుగుతారు; చంపబోయేది ఆ ఇంటి ఇల్లాలు క్లైటెమ్నెస్ట్రాయే అన్న ఆలోచన వాళ్ళకు తట్టదు. ప్రవక్త చిహ్నాలైన చేతికర్రనూ మెడలోని దండలనూ తీసి పారేసి, తన చావు కూడా లోపలే ఉందని తెలిసీ కసాండ్రా గుమ్మం దాటుతుంది.

అపోలో శాపం వల్ల జరిగిందని చెప్పే ఈ ఘట్టంలో నిజానికి అడ్డుపడినది వినేవారి ఊహాశక్తే. ఇరవయ్యో శతాబ్దపు సైన్స్ ఫిక్షన్ రచయితలు కసాండ్రాను తమ లోకంలోకి తెచ్చుకున్నప్పుడు అందుకున్నది ఈ కొసనే. శాస్త్రీయంగా సాధ్యమనిపించే ఊహల మీద కథ నడిపే ఈ ప్రక్రియలో శపించడానికి దేవుడు ఉండడు కాబట్టి, తెలిసిన మనిషి చెప్పినా లోకం ఎందుకు నమ్మలేదన్న ప్రశ్నకు జవాబును మనుషులలోనూ, వాళ్ళు కట్టుకున్న ఆసుపత్రులు, పోలీసు శాఖలు, ప్రభుత్వాలు వంటి వ్యవస్థలలోనూ వెతకవలసి వచ్చింది. పాత కథలో శాపం ప్రవక్త మీద ఉంటే, కొత్త కథలలో అది శ్రోతల మీదికి మారింది. పురాణాన్ని తిరిగి రాసిన ఎన్నో ప్రయత్నాలలో ఇంత సారవంతమైన మార్పు అరుదుగా కనిపిస్తుంది.

అమెరికన్ రచయిత్రి సి.జె. చెర్రీ 1978లో ప్రచురించిన ‘కసాండ్రా’ అనే చిన్న కథలో శాపానికి వైద్య పరిభాషలో పేరు దొరుకుతుంది. పిచ్చి అలిస్ అని అందరూ పిలిచే కథానాయిక ఆసుపత్రిలో ఉండి వచ్చిన మనిషి. మాత్రలు వేసుకుంటూ ఒంటరిగా బతుకుతుంటుంది. ఆమె నడిచే వీధి ఇతరులకు మామూలు వీధి, ఆమె కళ్ళకు మాత్రం మండుతున్న శిథిలం. ఎదురుపడే మనుషులు ఆమెకు అప్పటికే చనిపోయిన వారి ప్రేతాలుగా కనిపిస్తారు. మంటల్లో ఉన్నట్టు కనిపించే మెట్ల మీద అవి నిలుస్తాయన్న నమ్మకంతో అడుగు వేయడం, కాలి బొగ్గైనట్టున్న తలుపును తడిమి తెరవడం ఆమె దినచర్య. ఒకరోజు ప్రేతంలా కాక నిండు మనిషిలా కనిపించిన ఒక పురుషుణ్ణి చూసి, ఇతడు బతుకుతాడన్న ఆశతో అతని వెంట పడుతుంది. చివరకు యుద్ధం వచ్చి, ఆమె ఇన్నాళ్ళూ చూస్తున్నదంతా నిజమవుతుంది. 1979లో ఉత్తమ చిన్న కథగా హ్యూగో పురస్కారం, అంటే సైన్స్ ఫిక్షన్ పాఠకుల ప్రపంచ సమ్మేళనం ఓట్ల ద్వారా ఇచ్చే బహుమతి, అందుకున్న ఈ రచనలో అలిస్ ఊరికి హెచ్చరిక చేయడమే దాదాపు మానేసింది. చెప్పి చెప్పి విసిగినవారి మౌనం పురాణంలోని కేకలకన్నా ఎక్కువ బాధిస్తుంది.

టెర్రీ గిలియం దర్శకత్వంలో 1995లో వచ్చిన ‘ట్వెల్వ్ మంకీస్’ చిత్రం ఈ ఆలోచనను ఇంకా లోతుకు తీసుకువెళ్ళింది. క్రిస్ మార్కర్ 1962లో దాదాపు పూర్తిగా నిశ్చల ఛాయాచిత్రాలతోనే కూర్చిన ‘లా జెటే’ అనే ఫ్రెంచి లఘుచిత్రం దీనికి మూలం. 1996లో వ్యాపించిన వైరస్ అయిదు వందల కోట్ల మందిని పొట్టన పెట్టుకోగా, మిగిలినవారు నేల కింద తలదాచుకున్న కాలం నుంచి జేమ్స్ కోల్ అనే ఖైదీని శాస్త్రజ్ఞులు గతంలోకి పంపుతారు. అతని పని ప్రళయాన్ని ఆపడం కాదు. మార్పు చెందకముందున్న వైరస్ ఆచూకీ తెలిస్తే భవిష్యత్తులోని వారు దానికి మందు కనిపెట్టవచ్చునని, ఆ ఆచూకీ కోసమే పంపుతారు. పొరపాటున 1990లో దిగిన కోల్ జరగబోయేది చెప్పగానే మానసిక చికిత్సాలయంలో బంధిస్తారు. తన మాట రుజువు చేసుకోవడానికి తనకిచ్చిన ఫోను నంబరుకు కాల్ చేయనివ్వమని వైద్యులను బతిమాలి చేస్తే, ఆ నంబరు ఇంకా ఆ శాస్త్రజ్ఞుల చేతికి రాని సంవత్సరం కావడంతో, పిల్లలతో సతమతమవుతున్న ఎవరో గృహిణి పలుకుతుంది. భవిష్యత్తు నుంచి తెచ్చిన సాక్ష్యం భవిష్యత్తు వచ్చేదాకా చెల్లదన్న చిక్కును ఈ చిన్న సన్నివేశం ఎంతో స్పష్టంగా చూపిస్తుంది.

కోల్‌ను పరీక్షించిన మానసిక వైద్యురాలు కాథరిన్ రైలీ 1996లో ప్రళయ భ్రమల గురించి సభలో ప్రసంగిస్తూ కసాండ్రా పేరు చెబుతుంది. భవిష్యత్తు తెలిసినా ఎవరూ నమ్మని బాధను ‘కసాండ్రా కాంప్లెక్స్’ అంటారని వివరించే ఈ పండితురాలే కొన్నాళ్ళలో కసాండ్రాగా మారవలసి రావడం చిత్రకథకు ప్రాణం. కాలయానంలో దారి తప్పి మొదటి ప్రపంచయుద్ధ కందకంలో పడినప్పుడు కోల్ కాలికి తగిలిన తూటాను ఆమె స్వయంగా తీస్తుంది; అది 1920కి ముందుదని పోలీసులు తేల్చిన తరువాత, తన పరిశోధన కోసం సేకరించిన పాత యుద్ధ ఛాయాచిత్రంలో అతని ముఖమే కనబడుతుంది. రైలీకి నమ్మకం కుదిరేసరికి కోల్ తలకిందులై ఉంటాడు: తనకు పిచ్చి పట్టిందనీ, భూమి మీద గాలీ ఎండా ఇలాగే ఉంటాయనీ నమ్మాలని ప్రాధేయపడతాడు. పిచ్చి అయితే లోకం బతుకుతుంది, నిజమైతే చస్తుంది కనుక అతను పిచ్చినే కోరుకున్నాడు. నమ్మకపోవడం మూర్ఖత్వం వల్లే అనుకునేవారు ఈ దృశ్యాన్ని చూడవలసి ఉంది. ఒక్కొక్కసారి అది బతుకు మీది తీపి. రైలీ ప్రసంగానికి వచ్చినవారిలో, మనిషి చేతిలో భూమి నాశనమవుతుందని హెచ్చరించేవారి మాటలో నిజం ఉందని ఆమెతో వాదించిన ఒక శాస్త్రవేత్త ఉంటాడు. వైరస్‌ను మోసుకుని విమానం ఎక్కబోయేది అతనే.

లోకం ప్రవక్త్రిని నిస్సందేహంగా నమ్మితే ఏమవుతుందన్న ఎదురు ప్రశ్నను ఫిలిప్ కె. డిక్ 1956లో రాసిన ‘ది మైనారిటీ రిపోర్ట్’ వేసింది. జరగబోయే హత్యలను ముందే చూడగల ‘ప్రీకాగ్’లనే ముగ్గురి సాయంతో పోలీసులు నేరం జరగకముందే మనుషులను పట్టుకునే ఈ కథను స్టీవెన్ స్పీల్‌బర్గ్ 2002లో చిత్రంగా తీసినప్పుడు, ఆ ముగ్గురిలో బలమైన శక్తి ఉన్న అగాథా అనే యువతి నిజమైన కసాండ్రాగా రూపొందింది. 2054 నాటి వాషింగ్టన్‌లో ఆమెనూ, ఆర్థర్, డాషీల్ అనే కవలలనూ ద్రవం నిండిన కొలనులో మత్తులో పడుకోబెట్టి, కలలను యంత్రాల ద్వారా తెర మీదికి తోడుకుంటారు. ఆ గదిని గుడి అనే పిలుస్తారు. పూర్వం అధికారం ప్రవక్తలది కాదనీ, వాళ్ళ మాటకు అర్థం చెప్పే పూజారులదనీ చిత్రంలోని ఒక అధికారి అంటాడు. డెల్ఫీలోని అపోలో ఆలయంలో పిథియా అనే స్త్రీ పలికిన వాక్కుల చుట్టూ అర్చకులూ రాజకీయాలూ అల్లుకున్న గ్రీకు చరిత్ర తెలిసినవారికి ఆ మాట బరువు అర్థమవుతుంది.

అగాథా చెప్పిన ప్రతి హత్యనూ ప్రభుత్వం నమ్మింది, ఒక్కటి తప్ప. నీళ్ళలో ముంచి చంపిన ఒక స్త్రీ దృశ్యం ఆమెకు పదేపదే వస్తుంటే, పాత కల మళ్ళీ మెదలడం మాత్రమేనని సాంకేతిక నిపుణులు దాన్ని చెరిపేస్తూ వస్తారు. ఆ స్త్రీ అగాథా కన్నతల్లి. బిడ్డను తిరిగి ఇమ్మని వచ్చిన ఆమెను చంపినది ఆ నేరనివారణ వ్యవస్థను స్థాపించిన పెద్దమనిషే. తనకు పనికివచ్చే జోస్యాన్ని నమ్మి, తనను ముద్దాయిగా నిలబెట్టే జోస్యాన్ని లోపంగా కొట్టేసే అధికారాన్ని చూపడంలో ఈ చిత్రం డిక్ కథకన్నా ఒక అడుగు ముందే ఉంది.

‘జమీల్యా’ ద్వారా తెలుగు పాఠకులకు పరిచయమైన కిర్గిజ్ రచయిత చింగిజ్ ఐత్మాతోవ్, సోవియట్ యూనియన్ కూలిన తరువాత 1990ల నడుమ రాసిన ‘కసాండ్రా ముద్ర’ నవలలో ప్రవక్తకు గొంతే లేకుండా చేశాడు. అంతరిక్షంలో ఉన్న శాస్త్రవేత్త ఒకడు ఫిలోఫేయ్ అనే పేరుతో తనను తాను సన్యాసిగా ప్రకటించుకుని, గర్భంలోని పిండం తొలి వారాలలో పంపే ఒక సంకేతాన్ని కనిపెడతాడు: కొన్ని కిరణాలు ప్రసరింపజేస్తే గర్భిణి నుదుటి మీద చిన్న మచ్చ మెరుస్తుంది, తనకోసం కాచుకుని ఉన్న చెడును ముందే పసిగట్టిన బిడ్డ ఈ లోకంలోకి రావడానికి ఇష్టపడడం లేదని దాని అర్థం. ఈ సంగతి వెల్లడి చేస్తూ అతను పోప్‌కు బహిరంగ లేఖ రాయగానే దేశదేశాలలో కోపం కట్టలు తెంచుకుంటుంది. గతంలో ప్రభుత్వం కోసం, తల్లిదండ్రులు లేని మనుషులను కృత్రిమంగా పుట్టించే ప్రయోగాలు చేసిన చరిత్ర ఫిలోఫేయ్‌కు ఉంది కనుక, అతని హెచ్చరికలో పశ్చాత్తాపం కూడా కలిసి ఉంటుంది. అతని మాటను అర్థం చేసుకుని సమర్థించిన అమెరికన్ భవిష్యత్ పరిశోధకుడు రాబర్ట్ బోర్క్‌ను ఆగ్రహించిన జనసమూహం చంపేస్తుంది. అది తెలిసి ఫిలోఫేయ్ శూన్యంలోకి నడిచి ప్రాణం తీసుకుంటాడు. గ్రీకు కథలో అపోలో శాపం కసాండ్రా ఒక్కదాని మీదే పడింది. ఐత్మాతోవ్ నవలలో ఆ శిక్ష ప్రవక్తను నమ్మినవాడికి కూడా అందుతుంది.