ఫ్యూజు పోతే కోపం దేనికి?

అర్ధరాత్రి కుక్క అదేపనిగా మొరిగితే లేచి వీధి తలుపు చూసివస్తాం గాని, కుక్క మూతి కట్టెయ్యం. కాని కారులో ఫ్యూజు రెండుసార్లు పోయిందంటే చాలు, చాలామందికి దానిమీదే కోపం వస్తుంది. "ఇంతకంటె గట్టిది పడెయ్యవయ్యా!" అంటారు. ఆ గట్టిది ఎంత పని చేయగలదో తెలిస్తే ఆ మాట అనరు.

ఫ్యూజు అనేది కావాలని బలహీనంగా చేసిన లోహపు ముక్క. తీగలో కరెంటు హద్దు మీరితే, తీగ కాలకముందే అది కరిగి తెగిపోతుంది. దాని ఉద్యోగమే అది. ఈనాటి కారు ఫ్యూజులకు రంగే గుర్తు: ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30.

మాది నర్సీపట్నం దగ్గర గొలుగొండ. మా కారుకు పద్నాలుగేళ్ళు నిండాయి. మొన్న వానాకాలంలో దానికో వింత జబ్బు పట్టుకుంది. రాత్రివేళ నర్సీపట్నం నుంచి ఇంటికి వస్తూంటే దారిలో వెనక దీపాలు, నంబరుపలక దీపం, మీటర్ల దీపాలు ఒక్కసారిగా ఆరిపోయేవి. హెడ్‌లైట్లు మాత్రం నిక్షేపంగా వెలిగేవి. ఆ కారణంచేత నడిపేవాడికి ఇబ్బంది తోచదు. ప్రమాదమల్లా వెనకనుంచే. చీకటి రోడ్డుమీద వెనక దీపం లేని కారు, వెనక వచ్చే లారీవాడి కంటికి ఆనదు. మా వెనక సీట్లో కూర్చునేది పిల్లలు!

వారంరోజుల్లో మూడు ఎర్ర ఫ్యూజులు పోయాయి. సామాన్ల కొట్టు కుర్రవాడు ఆకుపచ్చది చేతిలో పెట్టి, "ఇది వెయ్యండి సార్, మరి పోదు," అన్నాడు. నేను పుచ్చుకోలేదు. లెక్క చూడండి: ఆ దీపాలన్నీ కలిపినా సుమారు 30 వాట్లు. బ్యాటరీ 12 వోల్టులు. అంటే పారవలసిన కరెంటు రెండున్నర ఆంపియర్లు. పది ఆంపియర్ల ఫ్యూజు తెగుతోందంటే, కరెంటుకు ఎక్కడో దొంగదారి దొరికిందన్నమాట. అక్కడ 30 ఆంపియర్ల ఫ్యూజు పెడితే దొంగకు తలుపు తీసినట్టే. పైగా కరెంటు మూడు రెట్లయితే తీగలో వేడి మూడు రెట్లు కాదు, తొమ్మిది రెట్లు. అప్పుడు కాలేది ఫ్యూజు కాదు, తీగ. అవి వెనక దీపాల తీగలు; పెట్రోలు ట్యాంకూ ఆ వెనకవైపే ఉంటుంది.

నర్సీపట్నంలో ఒక ముసలి మేస్త్రీ ఉన్నాడు. కారు చూడకముందే ఆయన, "పోయిన ఫ్యూజులు ఉన్నాయా బాబూ? పారెయ్యకండి. దాని మొకం సూస్తే రోగం తెలుస్తాది," అన్నాడు.

ఆ మాటలో నిజం ఉంది. ఫ్యూజులోని లోహం నడుమ మెత్తగా కరిగి తెగితే, ఏదో మోటారు బరువుగా తిరుగుతూ ఎక్కువ కరెంటు లాగుతోందని అనుమానించాలి. అద్దంలాంటి ప్లాస్టిక్కు నల్లగా మాడి, లోహం చిట్లి అంటుకుంటే, తీగ ఎక్కడో కారు రేకుకు తగిలిందని అర్థం. కారు రేకంతా బ్యాటరీ ఋణధ్రువానికి కలిపి ఉంటుంది గదా! మావి మూడూ మాడినవే.

"ఎప్పుడు పోతాది? దీపాలెయ్యగానేనా, కొంతసేపయ్యాకా, గోతిలో పడ్డప్పుడా?" అని ఆయన రెండో ప్రశ్న. వెయ్యగానే పోతే తీగ ఎప్పుడూ రేకుకు తగిలే ఉంది. కొంతసేపటికి పోతే బరువు ఎక్కువైంది. కుదుపులో పోతే తీగ ఎక్కడో ఊగి తగులుతోంది. మాది మూడో రకం.

తరవాత ఆయన చేసిన పరీక్షకు ఖర్చు ఒక్క బల్బు. ఫ్యూజు తీసి, దాని చోట రెండు తీగలు కట్టిన 21 వాట్ల బల్బు తగిలించాడు. వెనక దీపాల బల్బులు, మిగిలిన చిన్న బల్బులు అన్నీ ఊడదీసి, స్విచ్చి వేశాడు. ఇప్పుడు కరెంటుకు పోయే దారి లేదు కాబట్టి పరీక్ష దీపం వెలగకూడదు. వెలిగితే దొంగదారి ఉన్నట్టే. వెలిగినా రెండు ఆంపియర్లు దాటవు గనుక తీగలకు భయం లేదు. ఫ్యూజు మీద ఫ్యూజు తగలేసే పనీ లేదు.

దీపం వెలగలేదు. ఆయన తీగలను ముందునుంచి వెనక్కు ఒక్కొక్కచోటే కదిలిస్తూ పోయాడు. వెలగలేదు. డిక్కీ మూత ఎత్తి దించాడు. దీపం భగ్గున వెలిగింది!

నంబరుపలక దీపానికి పోయే తీగ, డిక్కీ మూత బందు పక్కనున్న కన్నంలోంచి దూరుతుంది. కన్నానికి ఉండవలసిన రబ్బరు బిళ్ళ ఎండి రాలిపోయింది. మూత తీసినప్పుడల్లా రేకు అంచు తీగ తొడుగును కోస్తూ వచ్చింది. రాగి బయటపడింది. గోతిలో చక్రం పడి మూత అదిరినప్పుడల్లా రాగి రేకుకు తగిలేది.

పైన టేపు చుట్టి పంపించేస్తే ఎండకు జిగురు వదిలి కథ మొదటికి వస్తుంది. ఆయన చెడిన ముక్క కోసేసి, అంతే మందం గల కొత్త తీగ అతికి, మాటు వేసి, గొట్టం తొడిగి, కొత్త రబ్బరు బిళ్ళ పెట్టి, మూత తెరిచినా లాగకుండా తీగను కొంచెం వదులుగా ఉంచాడు. మళ్ళీ ఎర్ర ఫ్యూజే వేశాడు. ఆ తరవాత పిల్లలతో కృష్ణదేవిపేటకు వెళ్ళి, అల్లూరి సీతారామరాజు సమాధి చూసుకుని చీకటి పడ్డాక తిరిగివచ్చాం. దీపాలు ఆరలేదు.

ఈ పరీక్షలో ఒక హెచ్చరిక. ఎయిర్ బ్యాగుల తీగల జోలికి బల్బుతో వెళ్ళరాదు. వాటికి సాధారణంగా పసుపు తొడుగు ఉంటుంది. ఆ పని తెలిసినవారికే వదలాలి.

మీ కారు ఫ్యూజుపెట్టె మూతమీద ఏ ఫ్యూజుకు ఎన్ని ఆంపియర్లో అచ్చువేసి ఉంటుంది. అంతకు మించినది వెయ్యకండి; సిగరెట్టు పెట్టె వెండికాగితం అసలే చుట్టకండి. అదే అంకె గల ఫ్యూజులు రెండు కారులో ఉంచుకోండి. మొదటిది ఇల్లు చేరడానికి. అదీ పోయిందంటే, తీగ దొరికేదాకా రాత్రి ప్రయాణం కట్టిపెట్టండి.