పడవకు ఎలక్ట్రిక్ మోటార్: టాప్ స్పీడ్ కాదు, తిరుగు ప్రయాణం చూసి కొనండి

స్కూటర్లు అయిపోయాయి, ఆటోలు, బస్సులు కూడా అయిపోయాయి. ఇప్పుడు పడవల వంతు వచ్చింది. పొగ ఉండదు, చప్పుడు ఉండదు, పెట్రోల్ డబ్బా మోసుకెళ్లే పని లేదు. వినడానికి బాగానే ఉంది కదా! కానీ ఒక్క తేడా గుర్తుపెట్టుకోండి. రోడ్డు మీద ఛార్జింగ్ అయిపోతే స్కూటర్‌ను పక్కన ఆపి ఎవరికైనా ఫోన్ చేయొచ్చు. నీళ్ల మధ్యలో అయిపోతే ప్రవాహం ఎటు లాక్కెళ్తే అటే. అందుకే పడవ మోటార్ విషయంలో రేంజ్ అనేది సౌకర్యం మాత్రమే కాదు, సేఫ్టీ ఫీచర్ కూడా.

ఎక్కడ బాగా పనిచేస్తోంది?

మన పక్కనున్న కేరళే దీనికి మంచి ఉదాహరణ. 2017 జనవరిలో వేంబనాడ్ సరస్సులో వైక్కం, తవణక్కడవు మధ్య ‘ఆదిత్య’ అనే సోలార్ ఫెర్రీ మొదలైంది. 75 మంది ఎక్కే ఈ పడవకు 20 కిలోవాట్ల మోటార్లు రెండు, సుమారు 50 కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఉన్నాయి. 2023 ఏప్రిల్‌లో కొచ్చి వాటర్ మెట్రో కూడా వచ్చింది. నార్వేలో అయితే ‘ఆంపియర్’ అనే ఫెర్రీ 2015 నుంచే బ్యాటరీ మీద కార్లను ఫియర్డ్ దాటిస్తోంది.

వీటన్నిటిలో కామన్ పాయింట్ ఏంటి? దూరం తక్కువ, రూటు ఫిక్స్, వేగం ఓ మోస్తరు, ఒడ్డున ఛార్జింగ్ రెడీ. మీ అవసరం కూడా ఇలాంటిదే అయితే ఎలక్ట్రిక్ మోటార్ నిజంగా ప్రాక్టికల్. లేదంటే లెక్కలు చూడాల్సిందే.

స్పీడ్ పెంచితే బ్యాటరీ గోవిందా

చిన్న పడవల్లో ఒక మోటు సూత్రం ఉంది: వేగం రెట్టింపు కావాలంటే పవర్ దాదాపు 8 రెట్లు కావాలి. స్కూటర్‌లా యాక్సిలరేటర్ వదిలేసి కాసేపు దొర్లిపోదామంటే నీళ్లలో కుదరదు. బ్రేక్ వేస్తే ఛార్జ్ వెనక్కి రావడం లాంటిదీ ఉండదు.

టార్కీడో ట్రావెల్ 1103 మోడల్‌నే తీసుకుందాం. మోటార్ 1,100 వాట్లు, బ్యాటరీ 915 వాట్ అవర్లు. ఫుల్ థ్రాటిల్ ఇస్తే 50 నిమిషాల్లో ఖాళీ. అప్పుడు పడవ గంటకు 10 కిలోమీటర్లు వెళ్తుందనుకుంటే, మొత్తం దూరం 8 కిలోమీటర్ల పైచిలుకు. అదే వేగాన్ని సగానికి తగ్గిస్తే సూత్రం ప్రకారం ఆరు గంటలు దాటి రావాలి. గాలి, అలలు, మోటార్ నష్టాల వల్ల నిజంగా అంత రాదు. అందులో సగమే వచ్చినా దూరం దాదాపు రెట్టింపవుతుంది.

మరి పెట్రోల్‌తో పోలిస్తే? లీటర్ పెట్రోల్‌లో దాదాపు 9 కిలోవాట్ అవర్ల శక్తి ఉంటుంది. 5 లీటర్ల డబ్బాలో పావు వంతే పనికొచ్చినా 11 కిలోవాట్ అవర్లు. అంటే పైన చెప్పిన బ్యాటరీలు డజను! దూరం, వేగం రెండూ కావాలంటే ఇప్పటికీ పెట్రోల్‌దే పైచేయి.

50 శాతం రూల్ ఇక్కడ పనిచేయదు

‘బ్యాటరీ సగం అవ్వగానే వెనక్కి తిరుగుదాంలే’ అనుకుంటున్నారా? చెరువులో ఓకే. గోదావరి లాంటి పారే నదిలో మాత్రం చిక్కుల్లో పడతారు. మీ పడవ వేగం గంటకు 8 కిలోమీటర్లు, ప్రవాహం 3 కిలోమీటర్లు అనుకోండి. దిగువకు 11తో దూసుకెళ్తారు, ఎగువకు 5తో ఈడ్చుకుంటూ వస్తారు. 5 కిలోమీటర్లు దిగువకు వెళ్లడానికి 27 నిమిషాలు, అదే దూరం తిరిగి రావడానికి గంట! అందుకే ముందు ఎదురు ప్రవాహంలో వెళ్లండి, వచ్చేటప్పుడు నీరే తోడొస్తుంది. చివర్లో మూడో వంతు ఛార్జ్‌ను ఎప్పుడూ ముట్టుకోవద్దు.

ఐపీ67 ఉంది కదా, భయమేంటి?

ఫోన్లు కొనేవాళ్లకు ఈ రేటింగ్ బాగా తెలుసు. మీటరు లోతులో 30 నిమిషాలు నీరు లోపలికి పోకుండా ఉంటుందని అర్థం. కానీ ఆ పరీక్ష మంచినీటిలో చేస్తారు. ఉప్పునీరు కనెక్టర్లను తినేస్తుంది. సముద్రం, బ్యాక్‌వాటర్స్‌లో తిరిగొచ్చిన ప్రతిసారీ మంచినీటితో కడిగి ఆరబెట్టాలి.

ఇక మంటల సంగతి. పెట్రోల్ ఆవిరి, కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదాలు ఎలక్ట్రిక్‌లో ఉండవు. కానీ లిథియం బ్యాటరీకి దాని ముప్పు దానికుంది. 2019 అక్టోబర్‌లో నార్వేలో ‘ఇట్టరోయ్నింగెన్’ ఫెర్రీ బ్యాటరీ గదిలో మంటలు వచ్చాయి. ఆర్పేశాక, మర్నాడు ఉదయం లోపల చేరిన గ్యాస్ పేలింది. మంట కనిపించకపోయినా బ్యాటరీ లోపల వేడి, గ్యాస్ మిగిలే ఉంటాయన్నమాట. అందుకే బ్యాటరీని గాలి ఆడని పెట్టెలో బిగించొద్దు, దెబ్బతిన్న ప్యాక్‌ను ఛార్జ్ చేయొద్దు. సొంతంగా ప్యాక్ కట్టుకునే వాళ్లు భారీ కరెంట్‌ను తట్టుకునే బీఎంఎస్, బ్యాటరీ పాజిటివ్ దగ్గరే ఫ్యూజ్ తప్పక పెట్టాలి. ఎల్ఎఫ్‌పీ సెల్స్ అయితే వేడిని ఎక్కువగా తట్టుకుంటాయి.

కొనేముందు ఇవి చూడండి

• వాట్లు కాదు, వాట్ అవర్లు చూడండి. బ్యాటరీ వాట్ అవర్లను మోటార్ వాట్లతో భాగిస్తే ఫుల్ థ్రాటిల్‌లో ఎన్ని గంటలో తెలుస్తుంది.
• లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే రాసిన కెపాసిటీలో సగమే లెక్కలోకి తీసుకోండి.
• నడిపే మనిషి నీళ్లలో పడితే మోటార్ ఆగిపోయేలా కిల్ స్విచ్ ఉండాలి. చప్పుడు లేని ప్రొపెల్లర్ ఈత కొట్టేవాళ్లకు వినపడదు, అది మరీ ప్రమాదం.
• తెడ్డు, లంగరు, లైఫ్ జాకెట్ లేకుండా ఒడ్డు దాటొద్దు.

మా మాట

చెరువులో చేపలు పట్టడానికి, రిజర్వాయర్‌లో షికారుకు, చిన్న రేవు దాటడానికి అయితే హాయిగా తీసుకోండి. వరద నదికి, సముద్రంలో దూరప్రయాణానికి మాత్రం చిన్న ఎలక్ట్రిక్ మోటార్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. స్పెక్ షీట్‌లో ‘ఎంత దూరం వెళ్తుంది’ అని రాసి ఉంటుంది. ‘ఎంత దూరం నుంచి తిరిగి వస్తుంది’ అన్న లెక్క మాత్రం మీరే వేసుకోవాలి.