కంపజిట్టకు కంకులెందుకు?

బోనకల్‌లో మా మేనత్త ఇంటి చూరుకు ఏటా సంక్రాంతికి వరికంకుల కుచ్చు వేలాడుతుంది. పిచ్చుకలు వాలతాయి, పొట్టు రాలుస్తాయి, అత్త తిట్టుకుంటూ ఊడుస్తుంది. మళ్లీ ఏడాదికి కొత్త కుచ్చు కడుతుంది.

పోయిన జనవరిలో వెళ్లినప్పుడు పెరట్లోంచి టక్, టక్ అని రెండు గులకరాళ్లు కొట్టుకున్నట్టు చప్పుడు. పిట్ట మాత్రం కంటపడదు. గోరింట కంపలో ఓ రెమ్మ కదులుతుంది, అంతే. బయటికి రప్పిద్దామని మూకుట్లో కొర్రలు పోసి కొమ్మకు కట్టాను. మూడు రోజులు కాపలా కాశాను. కొర్రలు ఉడుత పాలయ్యాయి.

"దానికి గింజలేందిరా, పురుగులు ఏరుకు తినేదైతే!" అంది అత్త, చేటలో మిరపకాయల తొడిమలు తుంచుతూ.

పుస్తకాల్లో దాని పేరు బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. మనకు అంతకన్నా చక్కని పేరుంది: కంపజిట్ట. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా చేసిన జెర్డన్, 1862-64లో అచ్చయిన తన భారతదేశ పక్షుల గ్రంథంలో ఈ పేరు రాసుకున్నాడు. ఆకులు కుట్టే పిట్టకు లిక్కుజిట్ట అనీ రాశాడు. మనం మరిచిపోయిన పేర్లు దొర పుస్తకంలో దొరకడం కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

కంపజిట్ట బరువు పది, పన్నెండు గ్రాములు. గుప్పెడు ఎండుమిర్చి తూస్తే సరి. ఫిన్లండ్, రష్యా, కజకిస్తాన్ వైపు పిల్లల్ని చేసి, వానలు తగ్గే వేళకు మన కంపల్లోకి దిగుతుంది. ఏప్రిల్ దాటేసరికి తిరుగు ప్రయాణం. దాని చెల్లెలు లాంటి గ్రీనిష్ వార్బ్లర్ ఇంకా చిన్నది, చెట్ల పైకొమ్మల్లో ఉంటుంది. ట్రెవర్ ప్రైస్ అనే శాస్త్రవేత్త 1970లలో తూర్పు కనుమల్లో దాని వెంట పడి తిరిగాడు. చలికాలమంతా ఒక్కో పిట్ట తన చెట్లను తాను కాచుకుంటుందని, ఇంకోదాన్ని రానివ్వదని 1981లో రాశాడు. మన పెరడు దానికి సత్రం కాదు, సొంత చెలక.

మరి మేత పెట్టి వార్బ్లర్లను పిలవడమనే ముచ్చట ఎక్కడిది? అమెరికాలో పైన్ వార్బ్లర్ అనేది గింజలు, కొవ్వుముద్దలు కూడా తింటుంది. బ్రిటన్‌లో బ్లాక్‌క్యాప్ అనే వార్బ్లర్‌ది మరీ విచిత్రం. మధ్య ఐరోపా నుంచి చలికాలానికి నైరుతిగా స్పెయిన్ దారి పట్టాల్సినవి కొన్ని, 1960ల నుంచి బ్రిటన్ పెరళ్లలో జనం పెట్టే మేత మరిగాయి. ఆ కొత్త దారి పిల్లలకు పుట్టుకతోనే అబ్బుతోందని పీటర్ బెర్తోల్డ్ బృందం 1992లో తేల్చింది. పళ్లెంలో పెట్టిన తిండి పక్షి దారినే మార్చేసింది!

బోనకల్‌లో ఆ పప్పులుడకవు. కాజీపేట-విజయవాడ రైలు పట్టాలకు అటూ ఇటూ సాగర్ కాలువ నీళ్లు, మిరప, పత్తి, వరి. 2021లో నల్ల తామర పురుగు మిరపను పీల్చేసిన ఏడాది రైతులు మందుల మీద మందులు కొట్టారు. మందు కొట్టొద్దని అప్పులున్న మనిషితో అనే నోరు నాకు లేదు. కానీ మందు పడని చోటు ఊళ్లో ఏదైనా మిగిలిందంటే పెరడే. గొంగళిపురుగులున్న మునగ, సాలీడు అల్లిన కరివేపాకు, ఊడవకుండా వదిలేసిన ఆకుచెత్త... కంపజిట్టకు వడ్డించిన విస్తరి అదే. కావాలంటే నీళ్లు పెట్టొచ్చు. లోతు లేని మూకుడు, మధ్యలో ఓ గరుకు రాయి, పక్కనే దాక్కోను గుబురు.

నాలుగో రోజు సాయంత్రం గిన్నెలు తోమే బండ పక్క మడుగులో చూశాను దాన్ని. మట్టిరంగు ఒళ్లు, కంటిపైన పాలిపోయిన గీత. రెండు మునకలేసి, రెక్కలు విదిల్చి, కంపలో దూరింది.

ఆ గోరింట కంపకే, ఆకుల్లో, లిక్కుజిట్ట పాత గూడు కనిపించింది. ఆకుల అంచులకు ముక్కుతో బెజ్జాలు పొడిచి, పత్తి పోగు దూర్చి బిగించి ఉంది. బయటికొచ్చిన కొస విచ్చుకుని ముడిలా ఆగింది. స్టేషన్ దారిలో పత్తి ట్రాలీలు పోతుంటే ముళ్లకంపలకు చిక్కే దూది కాబోలు.

ఉగాదికి ఆ కంప కొట్టించాలని అత్త అనుకుంటోంది.

"ఏప్రిల్ దాటేదాకా ఆగు అత్తా, అప్పటికి కంపజిట్ట వెళ్లిపోద్ది" అన్నాను.

అత్త తొడిమలు తుంచడం ఆపింది. "అది పోద్ది సరే. ఆకులు కుట్టేది ఎక్కడ కుట్టుకుంటదిరా మరి?"