వైద్యవిద్యకు ఋణము: వడ్డీ ఏనాడు మొదలగును?

కౌన్సెలింగులో వైద్య కళాశాల సీటు ఖరారైన సంతోషము ఇంటిలో రెండు దినములకంటె నిలువదు. మూడవనాడు తండ్రి రుసుముల పట్టిక ముందిడుకొని లెక్కకు కూర్చుండును. ప్రభుత్వ కళాశాలయైనచో ఆ లెక్క తేలికయే. పుణెలోని సాయుధదళముల వైద్య కళాశాలలో బోధన ఉచితము. పట్టా పుచ్చుకొన్న పిమ్మట సైన్యములో సేవ చేయవలెను. ప్రైవేటు కళాశాలలో కన్వీనరు కోటా సీటు లభించిన అర్హులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వముల రుసుము చెల్లింపు పథకములు కలవు. యాజమాన్యపు కోటాకు అవి వర్తింపవు. అప్పుడు బ్యాంకు గడప తొక్కక తప్పదు.

బ్యాంకు ఋణమంతయు ఒకేసారి చేతికీయదు. ఏటేటా కళాశాలకే చెల్లించును. సాధారణముగ 7½ లక్షల వరకు ఆస్తి తనఖా అడుగరు. తల్లియో తండ్రియో విద్యార్థితో కూడ సంతకము చేసిన చాలును. అది దాటినచో ఆస్తి చూపవలెను. ఇచ్చటనే మన రైతు కుటుంబములకు చిక్కు. బాకీ పడినవారి తనఖా ఆస్తిని న్యాయస్థానమునకు పోకయే స్వాధీనము చేసికొను అధికారమును 2002 నాటి సర్ఫేసీ చట్టము బ్యాంకులకిచ్చినది. వ్యవసాయ భూమి దాని పరిధిలోనికి రాదు. కావున ఐదెకరముల మాగాణి గలవానికంటె పట్టణమున చిన్న ఇల్లు గలవానికే ఋణము సులభముగ దొరకుట కలదు. ఈ సంగతి గడువు మీదపడిన పిమ్మట తెలిసి వడ్డీవ్యాపారి నాశ్రయించుటకంటె, పరీక్షకు ముందే విచారించుట మేలు.

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకము ఈ చిక్కును కొంత సడలించినది. ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థలలో ప్రతిభచే ప్రవేశము పొందినవారికి తనఖాయు, హామీదారును లేకయే ఋణము లభించును. కుటుంబ వార్షికాదాయము 8 లక్షలు మించక, ఇతర సహాయము పొందని విద్యార్థులలో ఏటా లక్షమందికి, 10 లక్షల ఋణము వరకు, 3 శాతము వడ్డీ రాయితీయు కలదు. ప్రైవేటు వైద్య కళాశాలలన్నియు ఆ జాబితాలో లేవు, చూచుకొనవలెను.

ఇక అసలు మెలిక. చదువు సాగినంత కాలమును, ఆపై ఒక ఏడును కంతులు కట్టనక్కరలేదు. దీనిని బ్యాంకువారు మారటోరియమందురు. వడ్డీ కూడ లేదని పలువురు భ్రమపడుదురు. అది మొదటి రూపాయి కళాశాలకు చేరిన నాడే మొదలగును. ఎం.బి.బి.ఎస్. చదువు నాలుగున్నర ఏండ్లు, ఇంటర్న్‌షిప్ ఒక ఏడు, ఆపై విరామము ఒక ఏడు: వెరసి ఆరున్నర ఏండ్లు. ఏటా 2 లక్షల చొప్పున ఐదు పర్యాయములు, నూటికి 10 వంతున తీసికొన్నారనుకొందము. బారువడ్డీయే వేసినను, మొదటి 2 లక్షలపై 1 లక్ష 30 వేలు, చివరి 2 లక్షలపై 50 వేలు, మొత్తము నాలుగున్నర లక్షలు పేరుకొనును. అది అసలులో కలియును. కంతులు 10 లక్షలపై గాక పదునాలుగున్నర లక్షలపై కట్టబడును. అదే సమయమున ఆ యువ వైద్యుడు పి.జి. ప్రవేశపరీక్షకు చదువుకొనుచుండును.

శక్తి ఉన్నవారు ఏ నెల వడ్డీ ఆ నెలనే కట్టుట తెలివి. పై లెక్కలో మొదటి ఏట అది నెలకు 1,700 రూపాయలలోపు. ఐదవ ఏట 8,300 పైచిలుకు. అట్లు కట్టువారికి పలు బ్యాంకులు వడ్డీలో 1 శాతము తగ్గించును. ఈ తగ్గింపు అడిగిననే గాని చెప్పని గుమాస్తాలును కలరు.

కంతులు పదునైదేండ్ల వరకు సాగవచ్చును. సంతకము చేయు తండ్రి తన ఉద్యోగ విరమణ ఏనాడో ఆ పత్రము ప్రక్కనే వ్రాసికొని చూచుకొనవలెను.