మీకు తెలుసా? రైలు పోయి సైకిలొచ్చింది!

అమెరికాలోని పెన్సిల్వేనియాలో పైన్ క్రీక్ అనే ఏటి లోయ వెంట సుమారు 100 కిలోమీటర్లు సైకిలు తొక్కుకుంటూ పోవచ్చు. వెనక నుంచి హారన్ మోగదు; మోటారు బళ్లకు ఆ బాటలో ప్రవేశమే లేదు. అటూ ఇటూ కొండలైతే తొక్కలేక ప్రాణం పోదూ అంటారేమో. పోదు. అది పాత రైలు దారి! ఆవిరి ఇంజన్లు నిటారు ఎత్తులు ఎక్కలేవు కనుక 1883 నాటి ఆ లైనును ఏటి ఒడ్డునే, దాదాపు చదునుగా వేశారు. కలప, బొగ్గు మోసిన ఆ దారిలో చివరి గూడ్సు 1988లో నడిచింది. పట్టాలు పీకేసి, సున్నపురాయి పొడి పరిచి, 1996లో తొలి భాగం తెరిచారు.

చుట్టూ ఉన్న అడవి అనాదిగా ఉన్నదేం కాదు. 20వ శతాబ్దం మొదలయ్యేసరికి కలప వ్యాపారం ఆ కొండల్ని బోడిచేసి వదిలింది. ఇది మళ్లీ మొలిచిన అడవి.

ఏటి కథ ఇంకా వింత. ఒకప్పుడు ఈశాన్యానికి పారేది. మంచుయుగంలో హిమానీనదం అడ్డుపడితే నీళ్లు వెనక్కి మళ్లి, దక్షిణంగా కొండను కోసుకుపోయాయి.

అన్నట్టు, బాటకు దక్షిణపు కొసన ఉన్న ఊరు జెర్సీ షోర్. పేరు చూసి సముద్రం కోసం వెతక్కండి. అది అక్కడికి 200 కిలోమీటర్ల పైమాటే.